ముప్పై రెండో కార్డు

మంగళవారం ఉదయం పదీ యాభైకి పెట్టె మాయమైన సంగతి బయటపడింది.

పదకొండింటికి దాన్ని తెరవాలి. లీగ్ లాయరు అప్పటికే వచ్చి, ఒళ్ళో ఫైలు పెట్టుకుని కుర్చీలో కూర్చున్నాడు. ఫుట్‌బాల్ రిఫరీల సంఘం అధ్యక్షుడు జేబులోంచి తాళంచెవి తీసి బీరువా తెరిచాడు. పై అరలో రిజిస్టరు ఉంది. కింది అరలో గుడ్డ సంచి ఉంది. మధ్య అరలో ఏమీ లేదు.

ఆ తర్వాత పదినిమిషాలు ఆ గదిలో ఎవరు ఎవర్ని ఏమన్నారో రాస్తే ఈ కాగితం మాడిపోతుంది.

పదకొండూ నలభైకి ఇన్‌స్పెక్టర్ మెట్లెక్కింది. ఆవిడకి ముక్కుమీద కోపం. మెట్లు మూడంతస్తులు, లిఫ్టు లేదు, గేటు దగ్గర సంఘం తరఫున గుమిగూడిన జనం ఆవిడ జీపుని కూడా తిట్టారు. ఫుట్‌బాల్ గురించి ఆవిడకి తెలిసిందల్లా ఒక్కటే. అది ఉన్న రోజు ఇంట్లో టీవీ రిమోట్ దొరకదు. వెనకాల హెడ్ కానిస్టేబుల్ రొప్పుతూ వచ్చాడు.

గదిలో బెంచీల మీద ముప్పై ఒక్కమంది రిఫరీలు. రెండు జట్లుగా విడిపోయి, ఎదురెదురుగా కూర్చుని, కళ్ళతోనే కొట్టుకుంటున్నారు.

“మొదట్నించీ చెప్పండి. అరవకుండా,” అంది.

అధ్యక్షుణ్ణి అందరూ పెద్దాయన అంటారు. ఇరవై ఏళ్ళు ఈల ఊదిన గొంతు, మెల్లగా మాట్లాడటం దానికి రాదు. గొడవ ఏడు వారాల నాటిదని చెప్పాడు. మ్యాచ్ అయ్యాక వీడియో చూసి మూడు తప్పులు పట్టుకుంటే, సంజాయిషీ కూడా అడక్కుండా రిఫరీని ఇంటికి పంపేస్తామంది లీగ్. విచారణ జరగాలి, అందులో మా మనిషి ఒకడుండాలి అంది సంఘం. లీగ్ వీళ్ళని బయటికి నెట్టి, కాలేజీ గ్రౌండ్లలో ఈలలూదుకునేవాళ్ళని తెచ్చి మ్యాచ్‌లు నడిపిస్తోంది. పోయిన వారం ఆఖరి కాగితం పంపింది. విచారణ పెడతాం, మీ మనిషి మాత్రం ఉండడు. ఇష్టమైతే మంగళవారం సాయంత్రం ఐదులోగా రాసివ్వండి. లేకపోతే ముప్పై ఒక్కమంది కాంట్రాక్టులూ రద్దు.

ఒప్పుకోవాలా వద్దా అని నిన్న సాయంత్రం ఆరు నుంచి ఏడున్నర దాకా ఓటు వేశారు. రిఫరీలు కదా, కార్డులతోనే వేశారు. ఒక్కొక్కరికి రెండు కొత్త కార్డులు. పసుపు వేస్తే ఒప్పుకున్నట్టు, ఎరుపు వేస్తే ఒప్పుకోనట్టు. తెర వెనక్కి వెళ్ళి ఒకటి ఇనప పెట్టెలో వెయ్యాలి. మిగిలింది ఎవరికీ చూపించకుండా గుడ్డ సంచిలో పడెయ్యాలి. ముప్పై ఒక్క సంతకాలు రిజిస్టరులో ఉన్నాయి. ఓటు అయ్యాక పెట్టెకి తాళం పెట్టి సీలు వేశారు.

“ఐదింటికి జవాబు కావాలి. పెట్టె లేకపోతే జవాబు లేనట్టే,” అన్నాడు లాయరు. ఆ చెప్పడంలో కాస్త తీపి ఉంది.

ఉదయం ఎనిమిదీ పదికి పెద్దాయన బీరువాలో రిజిస్టరు సర్దినప్పుడు పెట్టె ఉంది. తాళం పగలగొట్టలేదు. తాళంచెవులు రెండే. ఒకటి పెద్దాయన దగ్గర, రెండోది ఆయన మేనల్లుడి దగ్గర.

మేనల్లుడు కూడా రిఫరీయే. ముప్పై దాటలేదు. ఇంట్లో భార్యకి నెలలు నిండాయి. ఒప్పుకుందామని నెలరోజులుగా మొత్తుకుంటున్నవాడు అతనే. ఇంకేం కావాలి? ఒక వైపు బెంచీలవాళ్ళు అతన్ని దొంగని తేల్చేసి కూడా అరగంటైంది. ఓడిపోతానని భయపడి పెట్టె ఎత్తేశాడు, వెన్నుపోటు పొడిచాడు అని ఒకటే గోల.

మేనమామ అయినా అడ్డుపడతాడేమో అని ఇన్‌స్పెక్టర్ చూసింది. పెద్దాయన ముఖం కందగడ్డలా ఉంది.

“మా అక్క కొడుకని చూడకండి మేడమ్. తీసుకెళ్ళండి. ఇలాంటివాణ్ణి ఎత్తుకుని తిప్పానే అని సిగ్గుగా ఉంది.”

మేనల్లుడికి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

ఇన్‌స్పెక్టర్‌కి ఆ మాట నచ్చలేదు. ఎవరిని తీసుకెళ్ళాలో తనకి చెప్పేవాళ్ళంటే ఆవిడకి ఒళ్ళు మంట. అతన్ని ఒక్కణ్ణే కిటికీ దగ్గరికి పిలిచింది.

“తాళంచెవి ఎక్కడుంది?”

“జాకెట్ జేబులో.”

“జాకెట్?”

“ఒంటిమీదే… కాదు, గేటుకి బ్యానర్ కట్టడానికి వెళ్ళినప్పుడు ఇక్కడ కుర్చీకి తగిలించాను.”

“అప్పుడు పైన ఎవరున్నారు?”

“ఎవరూ లేరు మేడమ్. మావయ్య కూడా నాతోనే కింద ఉన్నాడు. బాబాయి ఒక్కడే టీ పెడుతున్నాడు.”

బాబాయంటే సొంత బాబాయి కాదు. ఆ గదిలో అందరికీ ఆయన బాబాయే. ఆయన వెనకాల మాత్రం గడియారం అంటారు. నలభై నాలుగేళ్ళ వయసున్న రిఫరీ. రెండు చేతులకీ రెండు వాచీలు. ఒకటి ఆగకుండా తిరుగుతుంది, రెండోది ఆట ఆగితే ఆగుతుంది. ఏడు వారాలుగా ఆటా లేదు, రెండు వాచీలూ తియ్యలేదు. రోజూ అందరికంటే ముందొచ్చి, గది ఊడ్చి, టీ పెట్టేది ఆయనే.

ఆయనే టీ తెచ్చిచ్చాడు. సగం గ్లాసు. ఇన్‌స్పెక్టర్ గ్లాసులోకి ఒకసారి, ఆయన ముఖంలోకి ఒకసారి చూసింది. పెద్ద క్యాన్ కుళాయి కారుతోందట. చిన్న గిన్నెలో మూడు వాయిలుగా పెట్టాల్సొచ్చిందట, అందరికీ సర్దాలి కదా అన్నాడు. పొద్దున ఏం చూశారని అడిగితే తడుముకోకుండా చెప్పాడు. కుర్రాడు ఎనిమిదీ ముప్పై రెండుకి జాకెట్ తగిలించి కిందికి దిగాడు, ఎనిమిదీ యాభై ఒకటికి మళ్ళీ పైకొచ్చాడు. బీరువా వైపు తను చూడలేదు. వాడు మంచివాడు మేడమ్, వాడు కాదు అని కూడా అన్నాడు. ఆ మాట అన్నది ఆ గదిలో ఆయనొక్కడే.

హెడ్ కానిస్టేబుల్ గదంతా వెతికాడు. బెంచీల కింద, అటక మీద, బాత్రూంలో, గిన్నెల అరలో. ఇనప పెట్టె లేదు. బయటికి వెళ్ళిందా? అదీ లేదు. గేటు ముందు గొడవ చేసేవాళ్ళని పట్టుకోవాలని లీగ్ వాళ్ళు ఎదురు మేడ మీద కెమెరా పెట్టారు. లాయరు ఎంతో సంతోషంగా ఆ రికార్డింగ్ చూపించాడు. ఎనిమిది నుంచి గేటు దాటి వెళ్ళినవాళ్ళలో ఎవరి చేతిలోనూ వార్తాపత్రిక కంటే పెద్దది లేదు.

అంటే పెట్టె ఈ మేడలోనే ఉంది. కాలు కాలిన పిల్లిలా ఇన్‌స్పెక్టర్ గదంతా తిరిగింది.

గోడ మీద వరసగా ముప్పై ఒక్క మేకులున్నాయి. ఒక్కో మేకుకి ఒక ఈల, దానితో పాటు కార్డులు పెట్టుకునే చిన్న పర్సు. బయటికి నెట్టిన మొదటి రోజునే అందరూ వాటిని అక్కడ తగిలించారట. గెలిచే దాకా తియ్యమని ఒట్టు వేసుకున్నారు. లీగ్ కోసం ఎవడైనా ఈల ఊదితే ఆ క్షణం నుంచి వాడు సంఘం మనిషి కాడని అదే రోజు తీర్మానం రాసుకున్నారు. ఫ్రేము కట్టి అదే గోడకి పెట్టారు. కింద మొదటి సంతకం గడియారానిది. ఆవిడ ఒక పర్సుని వేలితో తాకింది. వేలికి దుమ్ము అంటింది. చీరకొంగు లేదు కాబట్టి హెడ్ కానిస్టేబుల్ రుమాలు అడిగి తుడుచుకుంది.

రెండున్నర అయింది. గదిలో ఉక్క. ఇంకా రెండున్నర గంటలు ఉన్నాయి.

అప్పుడు ఆవిడ బీరువాలోని గుడ్డ సంచి తీసి, పక్క గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది.

దొంగ ఈ సంచిని ఎందుకు వదిలేశాడు? ఓటు ఫలితం తెలియకుండా చెయ్యాలనుకున్నవాడు దీన్ని ముందు ఎత్తుకెళ్ళాలి. పసుపు పారేసినవాడు ఎరుపు వేసినట్టు. ఎరుపు పారేసినవాడు పసుపు వేసినట్టు. పారేసినవి లెక్కపెడితే ఎవరు గెలిచారో తెలిసిపోదూ? ఇంతమంది పెద్దమనుషులకి ఈ బుద్ధి తట్టలేదు, కుర్రాడి మీద పడి అరవడానికి మాత్రం గొంతులున్నాయి అని మనసులో తిట్టుకుంటూ, కార్డులు రెండు దొంతులుగా పేర్చింది.

పసుపు పదహారు. ఎరుపు పదహారు.

మొత్తం ముప్పై రెండు.

మళ్ళీ లెక్కపెట్టింది. ముప్పై రెండే. ఓటేసినవాళ్ళు ముప్పై ఒక్కమంది. ఒక కార్డు ఎక్కువ.

పెద్దాయన్ని పిలిచి అడిగింది. ముప్పై ఒకటి పసుపు, ముప్పై ఒకటి ఎరుపు, తన చేత్తోనే కత్తిరించానని, మేనల్లుడు రెండుసార్లు లెక్కపెట్టాడని ఆయన ఒట్టేశాడు. ఎందుకని తిరిగి అడిగితే ఆవిడ చెప్పలేదు. బయటికి పంపేసింది.

సంచిలో ముప్పై రెండు కొత్త కార్డులుంటే పెట్టెలో ముప్పయ్యే ఉంటాయి. మరి ముప్పై ఒకటో మనిషి పెట్టెలో ఏం వేశాడు?

తర్వాత మేనల్లుణ్ణి పిలిచింది. రెండు కార్డులు చేతికిచ్చి, ఇవి ఉంచు, ఒక కాగితం రాయాలి అంది. అతను పెన్ను అందుకోవాలి కదా. పసుపుది చొక్కా పై జేబులో పెట్టాడు. ఎరుపుది ప్యాంటు వెనక జేబులో పెట్టాడు. చూడనైనా చూసుకోలేదు.

“ఎందుకలా పెట్టావు?”

అతను తెల్లబోయాడు. తర్వాత కొంచెం సిగ్గుపడ్డాడు.

“అలవాటు మేడమ్. మేమందరం ఇంతే. రెండూ ఒకే జేబులో ఉంటే తొందర్లో ఒకదాని బదులు ఇంకోటి చేతికొస్తుంది. నిన్న ఓటప్పుడు కూడా అందరం ఇలాగే పెట్టుకుని తెర వెనక్కి వెళ్ళాం.”

“మ్యాచ్‌లో ఎవరికి కార్డు చూపించారో ఎక్కడ రాసుకుంటారు?”

“కార్డు వెనకే. పెన్సిల్‌తో, ఆటగాడి నంబరు, నిమిషం. తర్వాత రిపోర్టులోకి ఎక్కించి చెరిపేస్తాం.”

ఇన్‌స్పెక్టర్ ఆ రోజు మొదటిసారి నవ్వింది. మేనల్లుడికి ఆ నవ్వు చూస్తే భయమేసింది.

నాలుగూ ఇరవైకి అందర్నీ కూర్చోబెట్టింది. లాయరు తలుపు దగ్గర, పెద్దాయన బల్ల దగ్గర. మేనల్లుడు ఒక్కడే ఒక బెంచీ మీద. అతని పక్కన ఎవరూ కూర్చోలేదు.

“ఈ పెట్టె ఎత్తినవాడికి ఓటుతో పనిలేదు. ఓటు పాడు చెయ్యాలంటే సంచి కూడా పట్టుకుపోయేవాడు. వాడు సంచి ముట్టుకోకపోవడమే కాదు, అందులో ఒక కార్డు వేసి వెళ్ళాడు.”

సంచిలో ముప్పై రెండున్నాయని చెప్పింది. వేళ్ళు మడిచి లెక్కలేసుకునేవాళ్ళు వేసుకున్నారు.

“నిన్న ఒకాయన రెండు కొత్త కార్డులు తీసుకున్నాడు. అలవాటు కొద్దీ పసుపుది పై జేబులో పెట్టాడు. ఆ జేబులో ఇంకో పసుపు కార్డు అప్పటికే ఉంది. మ్యాచ్‌లో వాడి, తిరిగి పర్సులో పెట్టడం మర్చిపోయినది, వెనక పెన్సిల్ రాతతో. తెర వెనక చెయ్యి పెడితే పాతది వచ్చింది. చీకట్లో చూసుకోకుండా పెట్టెలో వేశాడు. ఇవాళ పొద్దున జేబులో చూసుకుంటే కొత్తది మిగిలి ఉంది. పెట్టె తెరిస్తే తన రాత అందరూ చూస్తారు. అందుకని పెట్టె ఎత్తాడు. చేతిలో మిగిలిన కొత్త కార్డుని ఏం చెయ్యాలి? సంచిలో అన్నీ అలాంటివే కదా, కలిసిపోతుందనుకున్నాడు. తెల్లారిన దగ్గర్నుంచీ కంగారు, లెక్క గుర్తు రాలేదు.”

“పాత కార్డైతే ఏం? అందరి దగ్గరా ఉంటాయి,” అన్నాడు వెనక నుంచి ఒకడు.

“ఉండవు. మీ అందరివీ గోడకున్నాయి. ఏడు వారాలుగా.”

ఆవిడ గోడ దగ్గరికి నడిచింది. మేకుల వెంట ఒక్కో పర్సూ చూపిస్తూ వెళ్ళింది. దుమ్ము. దుమ్ము. దుమ్ము. పంతొమ్మిదో మేకు దగ్గర ఆగింది. ఆ పర్సు మీద దుమ్ము లేదు. తెరిచింది. ఎరుపు కార్డు ఒక్కటే ఉంది.

“ఏడు వారాలుగా ఊదని ఈలకి దుమ్ము పట్టలేదంటే, దాన్ని ఈ మధ్యే ఎవరో ఊదారు. బాబాయిగారూ, ఈ మేకు మీదే కదా?”

గడియారం గోడకి ఆనుకుని నిలబడ్డాడు.

పెద్దాయన లేచి నిలబడ్డాడు. ఇది అన్యాయం, బాబాయిని అనుమానించేవాళ్ళ నోట్లో మట్టి పడ అని అరిచాడు. పొద్దున తన మేనల్లుడి కోసం రాని కోపం ఇప్పుడొచ్చింది. మేనల్లుడు అది విన్నాడు. తల దించుకున్నాడు.

“జాకెట్ కుర్చీకున్నప్పుడు పైన ఎవరూ లేరన్నాడు ఈ అబ్బాయి. టీ పెట్టే మనిషిని మనిషిగా ఎవరూ లెక్కపెట్టలేదు,” అంది ఇన్‌స్పెక్టర్. “రోజూ క్యాన్ నిండా టీ పెట్టేవాళ్ళు ఇవాళ గిన్నెలో ఎందుకు పెట్టారు?”

హెడ్ కానిస్టేబుల్ టీ క్యాన్ అరమీద నుంచి దింపాడు. దింపడానికి ఇద్దరు కావాల్సొచ్చింది. మూతకి కట్టిన తాడు విప్పాడు. ఇనప పెట్టె తీసి బల్ల మీద పెట్టాడు. మీద వేసిన సీలు చెక్కు చెదరలేదు.

నాలుగూ ముప్పై ఆరు. పెద్దాయన తాళం తీశాడు. ఎరుపు పదిహేను. కొత్త పసుపు పదిహేను. మూలలు నలిగిన పాత పసుపు ఒకటి. దాని వెనక పెన్సిల్‌తో మూడు వరసలు. ఏడో నంబరు, ముప్పై ఒకటో నిమిషం. నాలుగో నంబరు, యాభై ఎనిమిది. పదకొండో నంబరు, తొంభై తర్వాత రెండు.

గది గదంతా లేచింది. ఎవడో బెంచీ తన్నాడు. ద్రోహి అన్న మాట నాలుగు వైపుల నుంచీ వచ్చింది. ఇందాక మేనల్లుణ్ణి తిట్టిన నోళ్ళే అవి, వాటికి అలుపు లేదు.

అప్పుడు లాయరు గొంతు సవరించుకున్నాడు.

“పసుపు పదహారు, ఎరుపు పదిహేను. మీరు ఒప్పుకున్నట్టే. సంతకం పెట్టండి.”

సంఘం మనిషి కాని వాడి ఓటు చెల్లదని పెద్దాయన ఫ్రేములోని తీర్మానం చూపించాడు. అది తీసేస్తే పదిహేనూ పదిహేనూ. సమానమైతే ఒప్పుకోనట్టే.

“ఈయన మా మ్యాచ్ ఆడించారని మీకెవరు చెప్పారు?” అన్నాడు లాయరు చాలా మెత్తగా. “మా ఆదివారం జాబితాలో ఈయన పేరు లేదు. ఆ గీతలు పోయినేడాదివేమో. దుమ్ము సాక్ష్యం చెప్పదు. అవునా కాదా అని ఆయన్నే అడగండి.”

అది నిజమే. రుజువు లేదు. పెట్టె దాచింది ఎవరో ఇన్‌స్పెక్టర్ తేల్చగలిగింది. ఆదివారం ఏ ఊళ్ళో, ఎవరి పేరు మీద ఎవరు ఈల ఊదారో తేల్చడానికి ఇరవై నిమిషాలు చాలవు.

అందరూ గడియారం వైపు తిరిగారు. కాదు అని ఒక్క మాట అంటే చాలు. ఒప్పందం నెగ్గుతుంది. ముప్పై ఒక్క ఉద్యోగాలు నిలుస్తాయి. మేనల్లుడి ఇంట్లో పొయ్యి వెలుగుతుంది. ఆయన కూడా మళ్ళీ మైదానంలోకి దిగుతాడు. అవును అంటే లాయరు ఫైలు మూసుకుని వెళ్ళిపోతాడు.

ఆయన మేనల్లుడి వైపు చూశాడు. ఆ కుర్రాడు కళ్ళతోనే బతిమాలుతున్నాడు. కాదను, కాదని చెప్పి బతికిపో అని ఇన్‌స్పెక్టర్‌కీ అనిపించింది. పోలీసు మనిషికి అలా అనిపించకూడదు.

గడియారం ఎడమ చేతి వాచీ చూసుకున్నాడు.

“ఆదివారం సాయంత్రం నాలుగూ రెండుకి మొదటి ఈల ఊదాను. రెండు నిమిషాలు ఆలస్యం, బంతిలో గాలి తక్కువైంది. ఐదూ యాభై ఆరుకి ఆఖరి ఈల. ఇంకొకడి పేరు మీద ఆడించాను. మూడు పసుపు, ఎరుపు లేదు.”



“ఎందుకు చేశావు బాబాయ్?” పెద్దాయన గొంతు మొదటిసారి కిందికి దిగింది.

“మార్చికి నాకు నలభై ఐదు. ఆ తర్వాత లీగ్ ఎలాగూ దిగనివ్వదు. మీరు గెలిచేసరికి నాకు మ్యాచ్ మిగలదు. ఒక్కటి, ఒక్క మ్యాచ్ అనుకున్నాను. పచ్చగడ్డి మీద నడిచి ఎన్నాళ్ళైందో… నిన్న ఓటు కూడా అందుకే పసుపు వేశాను. తప్పే. తప్పు చూసి కూడా కాదంటే నేనింక రిఫరీనేంటి?”

నాలుగూ యాభై రెండుకి లాయరు లేచాడు. ఫైలు చంకలో పెట్టుకున్నాడు. ఉత్తరాలు రేపు అందుతాయని చెప్పి, ఎవరి ముఖమూ చూడకుండా మెట్లు దిగాడు. కింద గేటు దగ్గర జనం అతన్ని ఏదో అన్నారు. పైకి వినిపించింది.

దొంగతనం ఫిర్యాదు వెనక్కి తీసుకుంటారా అని ఇన్‌స్పెక్టర్ అడిగింది. తీసుకుంటే బాగుండునని ఆవిడకుంది. పెద్దాయన ఫిర్యాదు మీద సంతకం పెట్టాడు. పెన్ను కాగితాన్ని చించేలా పెట్టాడు. తర్వాత గోడ దగ్గరికి వెళ్ళి పంతొమ్మిదో మేకు నుంచి ఈల తీసి బల్ల మీద పడేశాడు. మేకుని కూడా పీకబోయాడు. అది రాలేదు.

మేనల్లుడికి క్షమాపణ ఎవరూ చెప్పలేదు. మావయ్య ఒకసారి అతని భుజం మీద చెయ్యి వెయ్యబోయాడు. అతను భుజం తప్పించాడు.

హెడ్ కానిస్టేబుల్ గడియారాన్ని తలుపు దగ్గరికి తీసుకెళ్ళాడు. రెండు వైపులా బెంచీలవాళ్ళు కాళ్ళు కూడా ముడుచుకోలేదు, దాటుకుంటూ నడవాల్సొచ్చింది. గుమ్మం దగ్గర ఆయన ఆగాడు. ఖాళీ టీ క్యాన్ వైపు, పక్కనే నిలబడ్డ మేనల్లుడి వైపు చూశాడు.

“ఆ కుళాయి బాగానే ఉందిరా,” అన్నాడు. “రేపట్నించి టీ నువ్వు పెట్టు. ఏడూ నలభైకల్లా నీళ్ళు పొయ్యి మీద ఉండాలి.”

వాళ్ళు మెట్లు దిగిపోయాక, మేనల్లుడు క్యాన్ ఎత్తి మళ్ళీ అరమీద పెట్టాడు.